దయ నుంచి హక్కు దాకా: మన చదువుల డబ్బు కథ

ఏటా జూన్, జూలై నెలలు వచ్చేసరికి మన ఇళ్లలో ఒకటే మాట. పిల్లకు సీటు వచ్చింది, ఫీజుకు డబ్బెక్కడిది? మార్కులు తెచ్చుకోవడం పిల్లల పని. ఆ మార్కుల్ని కాలేజీ గడప దాటించడం పెద్దల పని. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే మన తరాల చదువులు ఎన్నో రాలిపోయాయి.

ఆ ఖాళీని పూడ్చడానికి పుట్టినదే స్కాలర్‌షిప్పు. దాన్ని మనం దరఖాస్తు ఫారంగా, బ్యాంకు ఖాతాలో పడే అంకెగా చూడటానికి అలవాటు పడ్డాం. దాని వెనక చరిత్ర ఉంది. ఒకప్పుడు అది దానం. తరవాత రాజుగారి దయ. ఆ తరవాత బాబాసాహెబ్ పోరాటంతో ప్రభుత్వం చెల్లించవలసిన బాకీ అయింది. ఈ మూడింటికీ తేడా తెలియని వాడికి తనకు రావలసింది ఏదో తెలియదు. కనుక ఆ చరిత్రను వరుసగా చెప్పుకుందాం.

సంఘం చూపిన దారి

చదువుకునేవాడి తిండీ బట్టా సమాజం చూసుకోవాలన్న ఆలోచన ఈ దేశంలో కొత్తది కాదు. బౌద్ధ సంఘం దాన్ని ఆచరణలో పెట్టి చూపించింది.

నాసిక్ దగ్గరి గుహల్లో సుమారు రెండో శతాబ్దం నాటి శాసనం ఒకటి ఉంది. క్షహరాత రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు వేయించినది. అతను 3000 కార్షాపణాలను గోవర్ధన పట్టణంలోని సాలెవారి శ్రేణుల దగ్గర జమ చేశాడు. 2000 ఒక శ్రేణి దగ్గర, నెలకు నూటికి ఒకటి వడ్డీ. 1000 మరో శ్రేణి దగ్గర, నూటికి ముప్పావు వడ్డీ. అసలు ఎవరూ ముట్టకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి. దీనికే అక్షయనీవి అని పేరు. రెండు వేలపై ఏడాదికి వచ్చే వడ్డీ 240. ఆ గుహలో వర్షావాసం చేసే ఇరవై మంది భిక్షువులకు తలా పన్నెండు చొప్పున బట్టల ఖర్చు. లెక్క చేసి చూడండి, పైసా తేడా రాదు. అంతే కాదు, ఈ ఏర్పాటును ఊరి సభలో ప్రకటించి రాతలో నమోదు చేయించారు. డబ్బు ఇవ్వడంతో పాటు అది ఆగకుండా ఉండే పద్ధతి కూడా అమర్చిన దాత అతను.

మన కృష్ణా తీరాన నాగార్జునకొండలో మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో ఈ పనికి ముందుకొచ్చినవారిలో స్త్రీలు ఎక్కువ. రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి మహాచైత్యాన్ని నిలబెట్టింది. ఉపాసిక బోధిసిరి సింహళ థేరుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, దమిళ దేశం వంటి పేర్లు వరసగా కనిపిస్తాయి. తెలుగు నేల మీద ఒక గృహస్థురాలి సొమ్ము అంత విశాలమైన ప్రపంచానికి తలుపు తీసింది.

ఏడో శతాబ్దంలో నలందలో చదివిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ గురించి రాసిన జీవిత చరిత్రలో మరో వివరం ఉంది. రాజు వంద ఊళ్ల రాబడిని ఆ విహారానికి వదిలాడట. రెండు వందల కుటుంబాలు రోజూ బియ్యం, వెన్న, పాలు అందించేవట. అందువల్ల అక్కడి విద్యార్థులు తిండి, బట్ట, పడక, మందు అనే నాలుగింటి కోసం ఎవరినీ అడగవలసిన పని లేకపోయిందని, వాళ్ల చదువు అంత గట్టిగా సాగడానికి అదే కారణమని అందులో చెప్పారు. కొన్నేళ్లకు వచ్చిన ఇత్సింగ్ నాటికి ఆ ఊళ్ల సంఖ్య రెండు వందలు దాటింది.

‘ఎవరినీ అడగవలసిన పని లేకపోవడం’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. స్కాలర్‌షిప్పు అంటే అసలు అర్థం అదే. అడుక్కునే మనసుతో చదువు సాగదు.

తలుపు తట్టినవాళ్లు

ఆ విహారాలు పడిపోయాక వందల ఏళ్ల పాటు మన జనానికి బడి గడపే లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర మద్రాసులో మళ్లీ కదలిక వచ్చింది. 1894లో కల్నల్ ఆల్కాట్ అడయారులో పంచముల పిల్లలకు ఉచిత పాఠశాల తెరిచారు. పండిత అయోతీదాస్ 1898లో ఆల్కాట్‌తో కలిసి సింహళం వెళ్లి పంచశీల స్వీకరించి వచ్చి మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం స్థాపించారు. దక్షిణాదిన బౌద్ధం, బడి ఒకేసారి తిరిగి వచ్చాయి. మనకు ఇది గుర్తుండాలి.

హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లోనే ఆది హిందువుల పిల్లలకు పాఠశాలలు నడిపారు. బుద్ధ జయంతి జరిపారు. 1917 నవంబరులో బెజవాడలో ఆయన అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. ఆ సభ పంచమ అన్న పేరును వదిలి ఆది ఆంధ్ర అన్న పేరు తీసుకుంది. ఆ పేరు తరవాత ఎంత దూరం ప్రయాణించిందో ముందు చూస్తాం.

మద్రాసు రాజధానిలో 1920 ప్రాంతం నుంచి అణగారిన కులాల బాగోగులు లేబర్ కమిషనర్ చేతికి వచ్చాయి. కోస్తా జిల్లాల్లో మన తాతలు ‘లేబరు బడి’ అనేవారే, ఆ పేరు అక్కడిదే. బడులు, వసతి గృహాలు, కొద్దిపాటి ఉపకార వేతనాలు ఆ శాఖ ద్వారా వచ్చాయి. నిజాం రాజ్యంలో షెడ్యూల్డ్ కులాల చదువు కోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. దాని వెనక 1947లో విద్యామంత్రి అయిన బి.యస్. వెంకట్రావు గారి కృషి ఉంది. ఔరంగాబాదులో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1950లో కాలేజీ తెరవడానికి బాబాసాహెబ్ ఆ నిధి నుంచి అప్పు తీసుకున్నారు. అదే నేటి మిలింద్ కాలేజీ. హైదరాబాదు దళితుల పేరు మీద పుట్టిన నిధి మరాఠ్వాడా పిల్లలకు డిగ్రీ అయింది.

ఇరవై అయిదు రూపాయలు

ఇక బాబాసాహెబ్ చదువు కథ. 1907లో ఆయన మెట్రిక్ పాసయ్యారు. అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ గారు తాను మరాఠీలో రాసిన గౌతమ బుద్ధుని చరిత్రను ఆయన చేతిలో పెట్టారు. తరవాత డబ్బుకు చదువు ఆగే పరిస్థితి వచ్చినప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకెళ్లిందీ కేలుస్కర్ గారే. నెలకు ఇరవై అయిదు రూపాయల సాయం దొరికింది. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తయింది. బుద్ధుణ్ణి పరిచయం చేసిన చేయి, స్కాలర్‌షిప్పు ఇప్పించిన చేయి ఒకటే. మన ఉద్యమం మొత్తం ఆ ఒక్క చేతి సాయం నుంచి మొలిచిందంటే తప్పు లేదు.

1913లో బరోడా ప్రభుత్వం ఆయన్ను అమెరికా పంపింది. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్లు. తిరిగి వచ్చాక పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలని ఒప్పందం. కొలంబియాలో ఎం.ఏ. చేసి, 1916 మే నెలలో భారతదేశంలో కులాల పుట్టుక మీద ప్రబంధం చదివారు. ఆ ఏడే లండన్ వెళ్లి ఎకనమిక్స్ స్కూల్లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు ముగిసింది. చదువు సగంలో ఆపి రావలసి వచ్చింది.

వచ్చి ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. జవాన్లు ఫైళ్లు చేతికివ్వకుండా విసిరేవారు. రాజుగారి దయ చదువును ఇవ్వగలిగింది కానీ ఆ చదువుకు తగిన గౌరవాన్ని ఇప్పించలేకపోయింది. తిరిగి లండన్ వెళ్లడానికి ఆయన సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం మిగుల్చుకున్నారు. మిత్రుడు నావల్ భతేనా అప్పు ఇచ్చారు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం చేశారు. 1920లో వెళ్లి 1923 నాటికి డి.యస్సీ. పట్టాతో, బారిస్టరుగా తిరిగి వచ్చారు.

ఇక్కడ మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, స్కాలర్‌షిప్పు మధ్యలో ఆగితే అంబేద్కరంతటి విద్యార్థికైనా మూడేళ్లు పోయాయి. రెండు, అది ఒక రాజు మంచితనం మీద నిలబడినంత కాలం ఒక్క అంబేద్కర్‌కే దొరుకుతుంది. మిగిలిన లక్షల మందికి కేలుస్కర్ ఎక్కడ దొరుకుతాడు? గైక్వాడ్ ఎక్కడ దొరుకుతాడు? ఆ ప్రశ్నకు జవాబు ఆయనే రాశారు, పాతికేళ్ల తరవాత.

మూడు లక్షలు

1942 జూలైలో బాబాసాహెబ్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరయ్యారు. సుమారు మూడు నెలలకు, అక్టోబరు 29న, షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయి లిన్‌లిత్‌గోకు వినతిపత్రం ఇచ్చారు. అందులో చదువు భాగం న్యాయవాది రాసిన దావా పత్రంలా ఉంటుంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి, అలీఘడ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి కేంద్రం ఏటా చెరి మూడు లక్షలు గ్రాంటు ఇస్తూ ఉంది. మరి మా వాళ్లకు ఏమిచ్చారు? ఇదీ ఆయన ప్రశ్న.

ఆయన అడిగింది కూడా లెక్కగా అడిగారు. దేశంలో సైన్సు, సాంకేతిక విద్య చదివే షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఏటా రెండు లక్షలు. విదేశీ చదువులకు ఏటా ఒక లక్ష. మొత్తం మూడు లక్షలు. ఆర్ట్సు, లా చదువులు ఎలాగో ఒకలా కొందరైనా చదువుకుంటున్నారు, సైన్సూ ఇంజనీరింగూ మాత్రం మా వాళ్ల తాహతుకు మించినవి, ప్రభుత్వ సాయం లేకుండా ఆ తలుపు తెరుచుకోదు అని ఆయన వాదన. పాలనలో కీలక స్థానాలకు మనవాళ్లు చేరాలంటే ఉన్నత విద్య తప్పదని ఆయన అప్పటికే గుర్తించారు.

1944లో పథకం మొదలైంది. ఏటా మూడు లక్షల కేటాయింపు. మనం ఈరోజు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు అంటున్నది అదే. స్వాతంత్ర్యానికి మూడేళ్లు ముందు, రాజ్యాంగానికి ఆరేళ్లు ముందు పుట్టింది. తరవాత గిరిజన విద్యార్థులకూ విస్తరించింది. విదేశీ చదువుకు జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు 1954-55లో వచ్చింది.

రాజ్యాంగం దీనికి పునాది వేసింది. 46వ అధికరణం షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించడం రాజ్యం బాధ్యత అంటుంది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు కమ్యూనల్ జీ.వో.ను సుప్రీంకోర్టు కొట్టివేస్తే, అదే ఏడు మొదటి సవరణతో 15(4) వచ్చింది. విద్యలో ప్రత్యేక ఏర్పాట్లకు రాజ్యాంగ బలం అక్కడి నుంచి గట్టిపడింది. బరోడా ఇరవై అయిదు రూపాయలకూ 1944 మూడు లక్షలకూ అసలు తేడా అంకెలో లేదు. మొదటిది ఒక మంచి మనిషి ఇచ్చాడు. రెండోది రాజ్యం బాధ్యతగా ఒప్పుకుంది.

సారం నుంచి చూస్తే

నేను పుదుచ్చేరి పట్టణంలో సారంలో ఉంటాను. ఇక్కడికి ఉత్తరాన లాస్‌పేటలో టాగోర్ ఆర్ట్స్ కాలేజీ, కంచి మామునివర్ పీజీ కేంద్రం ఉన్నాయి. కాలాపేటలో కేంద్ర విశ్వవిద్యాలయం, డాక్టర్ అంబేద్కర్ ప్రభుత్వ లా కాలేజీ ఉన్నాయి. అందుచేత చదువుకొచ్చిన తెలుగు పిల్లలు మా ఇంటి తలుపు తడుతూనే ఉంటారు. కొందరు 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి యానాం నుంచి వస్తారు. కొందరు నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి. ఇద్దరికీ స్కాలర్‌షిప్పు దారి వేరు. అది తెలియక ఏడాది పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఆ తేడాకు కారణం చరిత్రలో ఉంది.

1944లో బ్రిటిష్ ఇండియాలో పథకం మొదలైనప్పుడు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. గోదావరి ఇవతల ఒడ్డున యానాం మాల పిల్లవాడికీ, అవతల బ్రిటిష్ తాలూకాలోని అతని మేనమామ కొడుక్కీ మధ్య గీత గీసింది పరాయి రాజ్యం. పాలన 1954 నవంబరు 1న భారతదేశానికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. 1964లో రాష్ట్రపతి పుదుచ్చేరి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఇచ్చారు. తమిళ కులాల పేర్ల పక్కనే అందులో మాల, మాదిగ, ఆది ఆంధ్ర అని కూడా ఉంటుంది. 1917లో బెజవాడ సభలో మనవాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు 47 ఏళ్లకు తమిళ సీమలోని కేంద్రపాలిత ప్రాంతపు రాజపత్రంలో చేరింది. యానాం విద్యార్థి పుదుచ్చేరి పట్టణానికి వచ్చినా తన సొంత ప్రాంతంలోనే ఉన్నట్టు. అతను పుదుచ్చేరి ప్రభుత్వానికే దరఖాస్తు చేయాలి.

నెల్లూరు నుంచి వచ్చిన విద్యార్థి సంగతి వేరు. కులం పేరు రెండు జాబితాల్లోనూ ఉన్నంత మాత్రాన ఒక రాష్ట్రపు హోదా మరో రాష్ట్రంలో చెల్లదు. దీన్ని తేల్చిన కేసు కూడా ఒక తెలుగు విద్యార్థిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగకు చెందినవాడు. తండ్రి ఉద్యోగం కారణంగా బొంబాయి వెళ్లి అక్కడ మెడికల్ సీటుకు రిజర్వేషన్ అడిగాడు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. కులం వల్ల వచ్చే ఇబ్బంది ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి జాబితా ఆ రాష్ట్రానికే పరిమితం అన్నది దాని తర్కం. పుదుచ్చేరి ఉత్తర్వులోని ‘నివాసి’ అన్న ఒక్క మాట మీద కూడా సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు వెళ్లాయి.

అయితే వలస వచ్చిన విద్యార్థి దిక్కులేనివాడు కాడు. పోస్ట్‌మెట్రిక్ నిబంధనల ప్రకారం విద్యార్థి కుటుంబం ఏ రాష్ట్రంలో స్థిరపడి ఉందో ఆ రాష్ట్రమే అతనికి చెల్లించాలి, అతను దేశంలో ఎక్కడ చదివినా సరే. నెల్లూరు పిల్లవాడు పుదుచ్చేరి కార్యాలయం చుట్టూ తిరిగే బదులు ఆంధ్రప్రదేశ్‌కు దరఖాస్తు పెట్టాలి. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది చదువు మానుకున్నారో!

మొన్న యానాం నుంచి ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. “అన్నయ్యగారండీ, మావోడికి ఆళ్లు స్కాలర్‌షిప్పు ఇత్తారంటారా?” అంది. “ఇస్తారా అని కాదమ్మా, రావలసింది ఎప్పుడొస్తుంది అని అడగాలి” అన్నాను. ‘ఇస్తారా’ అన్నప్పుడు మన చేయి కింద ఉంటుంది. ‘రావలసింది’ అన్నప్పుడు మన చేతిలో కాగితం ఉంటుంది. 1942 నాటి ఆ వినతిపత్రం మనకు నేర్పిన భాష రెండోది.

ముప్పై నాలుగేళ్ల శిక్ష

బౌద్ధులమైన మనకు ఇందులో ఇంకో అధ్యాయం ఉంది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకు మాత్రమే ఆ హోదా అంది. 1956లో సిక్కులను చేర్చారు. అదే ఏడు అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది బాబాసాహెబ్ వెంట ధమ్మ దీక్ష తీసుకున్నారు. ఫలితం ఏమిటి? కులం పోగొట్టుకోవాలని బుద్ధుణ్ణి శరణు కోరినవాడికి, కులం చేసిన గాయానికి రాజ్యం ఇచ్చే చికిత్స ఆగిపోయింది. మహారాష్ట్ర 1960లో తన పరిధిలో రాయితీలు కొనసాగించింది కానీ కేంద్ర చట్టం మారలేదు. ఊళ్లో వివక్ష మాత్రం మతం అడగలేదు. వెలివాడ వెలివాడగానే ఉంది.

1990లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలలో ఏది అవలంబించినా షెడ్యూల్డ్ కుల హోదా ఉంటుందని స్పష్టం చేసింది. ఆ సవరణ 1950 ఉత్తర్వుకే పరిమితం కాలేదు. 1964 పుదుచ్చేరి ఉత్తర్వుకూ వర్తించింది. 1956 నుంచి 1990 దాకా ముప్పై నాలుగేళ్లు. ఒక తరం చదువుకునే వయసు మొత్తం అందులో గడిచిపోయింది.

చట్టం మారినా బల్లల వెనక కూర్చునేవారి మనసులు ఇంకా మారలేదు. ఆంధ్రలో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. కొన్ని కార్యాలయాల్లో బౌద్ధులనూ అదే గాట కట్టేయబోతారు. మతం గడిలో బౌద్ధం అని రాస్తే కుల ధ్రువీకరణ ఇవ్వమంటారు. భయపడి చాలామంది పిల్లల కాగితాల్లో హిందూ అని రాయిస్తారు. మిత్రులారా, ఆ అవసరం లేదు. కులం గడిలో మాల అనో మాదిగ అనో ఆది ఆంధ్ర అనో రాయండి. మతం గడిలో బౌద్ధం అని రాయండి. అభ్యంతరం పెడితే 1990 సవరణ ప్రతి ముందు పెట్టండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటి మాటకు అప్పీలు లేదు, కాగితానికి ఉంది.

ఆలస్యం కూడా నిరాకరణే

1944లో పుట్టిన హక్కు ఈనాడు ఎలా ఉంది? పథకానికి చాలా ఏళ్లు కేంద్రం వాటా తగ్గుతూ, భారమంతా రాష్ట్రాల మీద పడుతూ వచ్చింది. బకాయిలు పేరుకుపోయాయి. 2020 డిసెంబరు 23న కేంద్ర మంత్రివర్గం అయిదేళ్లకు 59,048 కోట్ల రూపాయల ప్రణాళిక ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 60 శాతం, 35,534 కోట్లు. రాష్ట్రం తన 40 శాతం ముందు చెల్లించాక కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడేలా పద్ధతి మార్చారు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు మించకూడదు. తిరిగి రాని ఫీజులకు తోడు, ఆ ప్రణాళిక ప్రకారం వృత్తి విద్య చదివే హాస్టలు విద్యార్థికి ఏడాదికి 13,500 రూపాయల భత్యం, ఇంటి నుంచి ఇంటర్ చదివేవాడికి 2,500.

అంకెలు బాగున్నాయి. కానీ రాష్ట్రం వాటా ఆలస్యమైతే కేంద్రం వాటా కదలదు. అది కదలకపోతే కాలేజీ పరీక్ష ఫీజు కట్టించుకోదు, సర్టిఫికెట్లు ఇవ్వదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్ద ఎత్తున అమలై ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజనీరును చూపించింది. ఆ మేలు కాదనలేం. అదే సమయంలో బకాయిలు నిలిచిన ప్రతిసారీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య నలిగింది విద్యార్థే. అసలు సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆలస్యం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఒక పేరు చాలు. గుంటూరు బిడ్డ, హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల. 2016 జనవరి 17న మనల్ని విడిచి వెళ్తూ రాసిన ఉత్తరంలో కూడా తనకు ఏడు నెలల ఫెలోషిప్పు రావాలని, అది లక్షా డెబ్బై అయిదు వేల రూపాయలని లెక్క చెప్పి, కుటుంబానికి ఇప్పించమని కోరాడు. ఆ చావుకు కారణాలు అనేకం. కానీ రావలసిన డబ్బు రాకపోవడం ఆ అనేకంలో ఒకటని ఆ ఉత్తరమే సాక్ష్యం. ఆ ఏప్రిల్ 14న అతని తల్లి రాధిక, తమ్ముడు రాజా ముంబైలో ధమ్మ దీక్ష తీసుకున్నారు.

విదేశీ చదువు సంగతీ చూడండి. జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులో ఉన్నవి 125 స్థానాలు, షెడ్యూల్డ్ కులాలకు 115. ఇంత పెద్ద దేశానికి! 2022లో నిబంధనలు మార్చి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సామాజిక అధ్యయనాల మీద పరిశోధనకు ఆ డబ్బు ఇవ్వమన్నారు. 1916లో కొలంబియాలో బాబాసాహెబ్ చదివిన ప్రబంధం భారతదేశపు కులాల మీద. ఈ నిబంధన ఆనాడు ఉంటే ఆ అంశం మీద పరిశోధనకు ఆయనకే స్కాలర్‌షిప్పు దొరికేది కాదు. రాజు ఇచ్చిన దయకు లేని షరతు ప్రజల డబ్బుతో నడిచే హక్కుకు పెట్టారు. దీన్ని మనం అడగాలి.

మన అక్షయనీవి

హక్కు కోసం అడగడం ఒక పని. అది చేతికి అందేదాకా పిల్ల చదువు ఆగకుండా చూడటం రెండో పని. మొదటిది పోరాటం, రెండోది సంఘ ధర్మం. రెండూ కావాలి.

ముందు ఇంట్లో చేయవలసినవి. కుల, నివాస, ఆదాయ పత్రాలు ఇంటర్ రెండో ఏడు నడుస్తుండగానే తీసి పెట్టుకోవాలి. సీటొచ్చాక మొదలుపెడితే గడువు దాటుతుంది. పత్రాల్లో, పదో తరగతి మార్కుల జాబితాలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే అక్షరాలతో ఉండాలి. ఒక్క అక్షరం తేడాకు డబ్బు వెనక్కి పోయిన సందర్భాలు నేను చాలా చూశాను. ఖాతాకు ఆధార్ జోడించాలి. ఏటా రెన్యువల్ మర్చిపోకూడదు. కాలేజీలో చేరేముందు ఆ కోర్సుకు, ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూడాలి. దరఖాస్తు సంఖ్య రాసి పెట్టుకోవాలి. ఆలస్యమైతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టి తన ఫైలు ఎక్కడుందో అడగాలి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం.

తరవాత మన విహారాల్లో, అంబేద్కర్ భవనాల్లో చేయవలసింది. ప్రతిచోటా ఉద్యోగులున్నారు, పింఛనుదారులున్నారు. వాళ్లలో సగం మంది పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుతో చదివి వచ్చినవాళ్లే. నెలకు రెండు వందలు చొప్పున యాభై మంది వేస్తే ఏడాదికి లక్షా ఇరవై వేలు. అయిదేళ్లకు ఆరు లక్షల మూలధనం. అసలు ముట్టకుండా దాని వడ్డీతో పేద పిల్లల పరీక్ష ఫీజులు కట్టొచ్చు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఆలస్యమైన పిల్లకు అప్పుగా ఇచ్చి, డబ్బు పడ్డాక తిరిగి తీసుకోవచ్చు. పుస్తకం రాయాలి, లెక్క ఏటా బుద్ధ పూర్ణిమ నాడు అందరి ముందు చదవాలి. నాసిక్ గుహలో ఉషవదాతుడు చేసింది ఇదే కదా: అసలు ముట్టకుండా వడ్డీ వాడటం, నమోదు చేయడం, సభలో ప్రకటించడం.

అయితే ఒక జాగ్రత్త. మన నిధి ప్రభుత్వ బాధ్యతకు బదులు కాకూడదు. మనమే చూసుకుంటున్నాం కదా అని రాజ్యం చేతులు దులుపుకోనివ్వకూడదు. బాబాసాహెబ్ స్వయంగా కాలేజీలు కట్టారు, అదే సమయంలో వైస్రాయి ముందు మూడు లక్షల లెక్కా పెట్టారు. ఒకటి చేశాం కదా అని రెండోది మానలేదు.

ఈ జూలైలో మీ వీధిలో ఎవరికైనా సీటు వచ్చి ఫీజు దగ్గర ఆగిపోయారేమో కనుక్కోండి. వాళ్లను కూర్చోబెట్టి ఏ రాష్ట్రానికి దరఖాస్తు చేయాలో, ఏ గడిలో ఏం రాయాలో చెప్పండి. మీకు చదువు వచ్చిన దారి వాళ్లకు చూపించండి. కేలుస్కర్ గారు చేసింది అంతే. ఆయన రాజు కాదు, ధనవంతుడు కాదు. ఒక కుర్రవాణ్ణి చేయి పట్టుకుని సరైన తలుపు దాకా నడిపించిన పంతులు.

జై భీమ్. నమో బుద్ధాయ.